బియ్యం మీద ముద్ర

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పొద్దుటి పాసింజరు కదిలినప్పటి నుంచీ హనుమయ్య కిటికీలోంచి పొలాలు చూస్తున్నట్టే కూర్చున్నాడు గాని, చూపంతా ఎదురుబల్ల మీద ఉన్న భార్య గోళ్ల మీదే ఉంది. శివపార్వతి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల కిటికీ చట్రానికి ఆనించి, కళ్లు మూసుకుంది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. గోళ్లు మధ్యలో గుంటపడి, ఒక్కోదాంట్లో ఒక్కో నీటిబొట్టు నిలిచేటట్టున్నాయి. పదేళ్లు కాపురం చేసిన మనిషి గోళ్లు అలా ఉంటాయని నిన్న సాయంత్రం దాకా అతనికి తెలియదు. రేపల్లె డాక్టరు జగన్నాథరావుగారు ఆ చేతిని వెలుతురులోకి తిప్పి, ఇటు చూడవయ్యా అంటే చూశాడు. తరవాత ఆయన కింది రెప్పను వేలితో లాగి, ఇదీ చూడు అన్నాడు. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. రక్తానికి ఎరుపు ఇనుము వల్ల వస్తుందనీ, అది చాలక ఈమె రక్తం నీళ్లయిపోయిందనీ, ఆ నీళ్లనే ఒళ్లంతా తిప్పలేక గుండె పరుగులు పెడుతోందనీ, కాళ్ల వాపు, ఆయాసం, కళ్లు తిరగడం అన్నీ అందుకేననీ చెప్పాడు. మాత్రలతో నింపుకుంటూ కూర్చునే దశ దాటిపోయింది, రేపు పొద్దున్నే తెనాలి తీసుకెళ్లు, అక్కడ రక్తం ఎక్కిస్తారు, ఇవ్వడానికి ఇంట్లోంచి బలమైన మనిషిని వెంటబెట్టుకో, ఆలస్యం చేస్తే నేను పూచీ కాదు అన్నాడు.

బలమైన మనిషి. హనుమయ్య తల తిప్పకుండా కంటి కొసనుంచి తలుపు వైపు చూశాడు. బల్ల మీద చోటున్నా కూర్చోకుండా, పరుపుచుట్టను ఆనుకుని కింద గొంతుకూర్చున్నాడు యలమంద, తమ ఇంటి పాలేరు. బొగ్గు నుసి కళ్లలో పడుతుంటే రెప్పలు చికిలిస్తూ బయటికి చూస్తున్నాడు. వాణ్ణి ఎందుకు తీసుకొచ్చాడో వాడికి తెలియదు. రాత్రి అమ్మ ఆదిలక్ష్మమ్మ వసారాలో కూర్చోబెట్టి తేల్చేసింది. "ఒరే హనుమా, నాగలి పట్టే ఒళ్లురా నీది. మగాడి రక్తం తీస్తే మళ్లీ ఊరుతుందా ఏంటి? యలమందని తీసుకుపో. మన ఉప్పు తింటున్నాడు." హనుమయ్య ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఆ ఇంట్లో మటుకు అది పూర్తి అంగీకారమే. అమ్మ అన్నదని కాదు, ఆ మాట అమ్మ నోటి నుంచి రావాలని తనే ఎదురు చూశాడు, అదీ అసలు సంగతి. సూది అంటే భయం. ఎకరాల కొద్దీ పొలం ఒంటి చేత్తో చేయించే మనిషికి సూది అంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? తెల్లవారుజామున బండి కడుతుంటే యలమందతో, పరుపుచుట్ట మొయ్యాలి, తెనాలి దాకా రా, అన్నాడంతే. సరేనండి అన్నాడు వాడు. గొర్రెను సంతకు తోలేటప్పుడు కూడా దానికి అంతకంటే ఎక్కువే చెబుతారు.

పైగా స్టేషను మెట్ల దగ్గర జరిగింది ఒకటి. యలమంద మూడు మెట్లెక్కి పరుపుచుట్ట దించేశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. ఏంట్రా పొద్దున్నే బద్ధకం, అని కసిరాడు హనుమయ్య. ఆ మాట నోట్లోంచి వచ్చీరాగానే నాలుక మీద ఎక్కడో తగిలింది, ఎక్కడో అన్న మాటే ఇది, ఎవరితోనో అన్నదే. నూతి దగ్గర నీళ్లబిందె పక్కన పెట్టుకుని గట్టు మీద కూలబడిన పార్వతితో కదూ! ఎన్నిసార్లన్నాడు? ఎదురుగా నడుస్తూ, పక్కనుంచి పోతూ, చుట్ట వెలిగించుకుంటూ, కోపంగా కూడా కాదు, అలవాటుగా. బద్ధకం. ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. బిందె చంకకెత్తుకుని లేచేది. రెండడుగులు వేశాక గోడ పట్టుకునేది. గోడకు ఆమె చెయ్యి ఆనే చోట సున్నం నల్లబడింది కూడా. మొన్న వెల్ల వేయించినప్పుడు ఆ మరక పోలేదని పనివాణ్ణి తిట్టాడు.

పల్లికోన దాటింది. నాట్లు పడి పైరు కుదురుకుంటున్న రోజులు, కాలవలు నిండుగా ఉన్నాయి. ఒక మడి మధ్యలో పైరు పసుపు తిరిగింది. ఎవడిదో గాని ఎరువు చాలలేదు, అనుకున్నాడు హనుమయ్య తనకు తెలియకుండానే, ఆ వెంటనే సిగ్గేసింది. పరిగెత్తే బండిలోంచి ఎవరి పొలంలోనో ఆకు రంగు మారితే కనిపెట్టే కన్ను ఇది. ఇంట్లో పక్కమీద మనిషి రంగు మారుతుంటే ఏం చేసింది? చూసింది, చూసి మురిసింది! అదే కదా చిత్రం. కర్లపాలెం నుంచి కాపురానికొచ్చిన రోజున పార్వతి చామనఛాయ. రెండో కాన్పు తరవాత తెల్లబడుతూ వచ్చింది, బుగ్గలు నిండుగా ఉబ్బాయి. మా కోడలు రంగు తేలింది చూడండే, మా ఇంటి నీడపట్టు, మా ఇంటి పాలు పెరుగూ అలాంటివి, అని అమ్మ పేరంటాళ్లందరి ముందూ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూపించేది. హనుమయ్యకూ గర్వంగానే ఉండేది. పాలూ పెరుగూ! ఆ ఇంట్లో పెరుగు మీగడ ఎవరి విస్తట్లో పడుతుందో అమ్మకు తెలుసు, తనకు తెలుసు. అందరూ తిన్నాక కుండ అడుగున మిగిలిన మెతుకుల్లో మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్దతో ముగించేది పార్వతి. ఆదివారం యాట మాంసం తెస్తే కార్జం వేరుగా వేయించి నాన్నకూ తనకూ వడ్డించడం ఆచారం, మగవాళ్లకు బలం. నాన్న పోయాక రెండు వాటాలూ తనే తిన్నాడు. ఏం పెట్టాలండీ ఈమెకు అని నిన్న అడిగితే డాక్టరుగారు మొట్టమొదట చెప్పిన పేరు కార్జం. తరవాతే తోటకూర, బెల్లం, చోడిజావ. రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచాడు.

తినడం అంటే మళ్లీ అక్కడికే వస్తుంది మనసు, ఎటు తిప్పినా గానుగెద్దులా అక్కడికే. డాక్టరుగారు నిన్న ఒక మాటడిగాడు. ఈమె మట్టిగాని, బలపాలుగాని, పచ్చిబియ్యంగాని తింటుందా అని. గదిలో ముగ్గురే ఉన్నారు. పార్వతి తల వంచుకుంది. "లేదండి," అన్నాడు హనుమయ్య చటుక్కున, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు. ఆయన నమ్మాడో లేదో. చాలామంది తింటారయ్యా, ఇనుము తగ్గిపోతే ఒళ్లు అలాంటి పిచ్చి కోరికలు కోరుతుంది, అది జిహ్వచాపల్యం కాదు, దొంగబుద్ధి అసలే కాదు, రక్తం పట్టాక దానంతటదే పోతుంది, అన్నాడు మందుచీటీ రాస్తూ. దొంగబుద్ధి కాదు. ఆ మాట ఆయన ఎందుకన్నాడు? ఆయనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, వైద్యుడు ఊళ్లో ఇళ్లన్నీ చూసినవాడు, అంతే.

పెళ్లినాడు వాన పడింది. మాఘమాసంలో, మబ్బు జాడ లేని రోజున, తలంబ్రాల వేళకు కర్లపాలెంలో తాటాకు పందిరి మీద ఫెళఫెళా కురిసింది. పచ్చిబియ్యం తినే పిల్ల పెళ్లికి వాన తప్పదని మన వైపు మాట. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు, ఎన్ని కుంచాలు బొక్కావే అని పెళ్లికూతుర్ని పొడిచారు. హనుమయ్య కూడా నవ్వాడు. దోసిట్లో తడిసిన తలంబ్రాలతో ఆమె ఒక్కతే నవ్వలేదు. అప్పటికే ఉందేమో ఆ జబ్బు. పెద్దమనిషయిన నాటి నుంచే ఉందేమో. కాన్పులు రెండు, నిలవని కడుపు ఒకటి, ఆ తరవాత ప్రతి నెలా రోజుల తరబడి రక్తం పోతుండటం, నిన్న డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది అదంతా. నీ భర్తకు చెప్పలేదా అమ్మా అంటే పార్వతి, ఆడవాళ్ల సంగతులు వారికెందుకండి, అంది. ఆమె వెనకేసుకొచ్చిందా, దెప్పిందా? ఇప్పటికీ తెలియడం లేదు.

ఎరువూ దిగుబడీ తెలిసిన రైతు గనక దొంగను పట్టడానికి కూడా రైతు బుద్ధే పనిచేసింది హనుమయ్యకు. బానలో బియ్యం లెక్క మించి తరుగుతున్నాయని అమ్మ అన్నప్పుడు కళ్లం గుర్తొచ్చింది. కళ్లంలో ధాన్యం రాశి పోశాక రాత్రికి దాని మీద చుట్టూ ముద్రలు వేస్తారు, గుప్పెడు గింజలు తీసినా ముద్ర చెదిరి దొంగ దొరుకుతాడు. ఆ కొయ్యముద్ర, నాన్న చేయించిన శ్రీకారం ముద్ర, దూలం మీంచి దింపి, బానలో బియ్యం అరచేత్తో చదును చేసి గుచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి శ్రీకారం తోక చెదిరింది. ఇంట్లో మెసిలే పరాయి మనిషి ఒక్కతే, అంట్లు తోమి బియ్యం చెరిగే పున్నమ్మ. యలమంద పెళ్లాం. ఇంకేం కావాలి? చావిడి ముందుకు పిలిచి, నలుగురూ చూస్తుండగా, ఇన్నాళ్లూ మా ఇంటి తిండి తిని మా బానలోనే చెయ్యి పెట్టావా అని అడిగాడు. ఆ మనిషి ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. కొంగు ముడి విప్పి, అందరి ముందూ దులిపింది. పొగాకు కాడ ముక్క ఒకటి కింద పడింది. దాన్ని వంగి ఏరుకుని వెళ్లిపోయింది, మళ్లీ గడప తొక్కలేదు. యలమంద ఆ సాయంత్రం ఎప్పట్లాగే గొడ్లకు మేత వేశాడు. తిట్టినా బావుండేది.

పున్నమ్మ మానేసిన వారానికి మళ్లీ చెదిరింది ముద్ర. అప్పుడు పెరటి తలుపు చాటున నిలబడ్డాడు హనుమయ్య. అమ్మ కునుకు తీస్తోంది, పిల్లలు బడికి పోయారు. పార్వతి వచ్చి బాన పక్కన చతికిలబడి, ముద్ర లేని అంచున వేళ్లు దించి, గుప్పెడు తీసి నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. ఆ మొహంలో అంత హాయి అతను ఎన్నడూ చూడలేదు, తను పక్కన ఉన్నప్పుడు అసలే చూడలేదు. అందుకే కాబోలు అంత కోపమొచ్చింది. ఎదురుగా వెళ్లి నిలబడి, నెమ్మదిగానే, పక్కింటికి వినపడకుండా, "మీ పుట్టింట్లో తిండి పెట్టలేదా?" అన్నాడు. ఆమె నోటి నిండా బియ్యం. మింగలేదు, ఉమ్మలేదు, నమలడం ఆపేసి అలాగే ఉండిపోయింది, అతను వెళ్లేదాకా. పున్నమ్మది తప్పు కాదని ఆ క్షణాన తెలిసింది గదా, చెప్పాడా? చెబితే, ఫలానా వారి కోడలు సొంత ఇంట్లో బియ్యం దొంగిలించి తింటోందని ఊరంతా చెప్పుకోదూ! పరువు కోసం నోరు మూసుకున్నాడు. పరువు నిలిచింది, పున్నమ్మ దొంగగానే ఉండిపోయింది. ముద్ర వెయ్యడం కూడా మానలేదు. రోజూ పొద్దున, పార్వతి చూస్తుండగా, ఆ రోజు వంటకు దినవెచ్చం కొలిచి ఇచ్చి, చదును చేసి గుచ్చేవాడు. కొన్నాళ్లకు పిల్లల పలకల దగ్గర బలపాలు మాయమయ్యాయి. అమ్మ తినేసింది నాన్నా, అని చిన్నపిల్ల చెబితే, అబద్ధాలు చెప్పకని దాన్ని కసిరాడు.

ఇవాళ పొద్దున హడావిడిలో ముద్ర వెయ్యలేదు. ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది, గుర్తు రాగానే, అయ్యో మరిచానే అని గుండె ఒక్కసారి గతుక్కుమంది. అలా గతుక్కుమన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఎదురుగా ఉన్న మనిషి తెనాలి దాకా చేరుతుందో లేదో తెలియదు. రేపల్లెలో బండెక్కించినప్పటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లు తాగుతావా అంటే తల అడ్డంగా ఊపింది, ఆయాసంగా ఉందా అంటే నిలువుగా ఊపింది. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదా? తనతో మాట్లాడటానికి మనసు చాలడం లేదా? పోతే, ఆఖరికి ఆమెతో తను అన్న మాటలేంటి? బద్ధకం. మీ పుట్టింట్లో తిండి పెట్టలేదా. పోగేసి చూస్తే ఈ పదేళ్లలో ఆమె దగ్గర తన గుర్తులుగా మిగిలేవి అవే.

భట్టిప్రోలులో బండి ఆగింది. కిటికీ దగ్గరికి జామకాయల ముసలమ్మ వస్తే హనుమయ్య రెండు కొన్నాడు. ఒకటి పార్వతి ఒళ్లో పెట్టాడు, ఆమె కళ్లు తెరవలేదు. ఇంకొకటి యలమందకు అందించాడు. వాడు రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆ దోసిలి చూసి హనుమయ్య కాయ వదలడం మరిచిపోయాడు. అరచేతులు పాలిపోయి ఉన్నాయి, గీతల్లో బురద తప్ప రంగు లేదు. గోళ్లు, అవే గోళ్లు, మధ్యలో గుంట. పుట్టినప్పటి నుంచీ చెప్పుల్లేకుండా తమ బురదలో తిరిగిన కాళ్లు మడమల దగ్గర ఉబ్బి ఉన్నాయి. బురదలోంచి నులిపురుగులు అరికాళ్ల గుండా లోపలికి పోయి రక్తం తాగుతాయి, మీ పాలేళ్లను కూడా ఒకసారి చూపించవయ్యా అని డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి చెప్పిన మాట, అప్పుడు చెవిన పడి మనసున పడని మాట, ఇప్పుడు పడింది. మూడు మెట్లెక్కి గుండె పట్టుకున్న మనిషి. వీడి ఒంట్లోంచా తను రక్తం తీయించబోతున్నాడు? హనుమయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మంకెన పువ్వులా ఎర్రగా ఉంది. ఇంటి కార్జమంతా ఆ చేతిలోనే ఉంది. జామకాయ కోసం దోసిలి ఇంకా అలాగే చాచి ఉంటే, ఏంటి అయ్యగారూ, అన్నాడు యలమంద.

వేమూరు దాటాక యలమంద వైపు తిరిగాడు. పరుపు మొయ్యడానికి కాదురా నిన్ను తెచ్చింది, అమ్మగారికి రక్తం ఇప్పించడానికి, అన్నాడు. యలమంద జామకాయ కొరకడం ఆపాడు. ఇప్పుడు నువ్వు ఇవ్వక్కర్లేదు, నేనిస్తాను, నిన్ను కూడా డాక్టరుకు చూపిస్తాను, అన్నాడు హనుమయ్య. వాడు ఊఁ అనలేదు. వాడి మౌనం మాత్రం అంగీకారంలా లేదు. ఇంకొకటి మిగిలిందని ఇద్దరికీ తెలుసు. బండి చప్పుడులో వినపడకపోతే బావుణ్ణని ఒక పక్క అనిపిస్తుంటే, గట్టిగానే అన్నాడు.

"యలమందా, బియ్యం పున్నమ్మ తియ్యలేదు."

వాడు తలెత్తి చూశాడు. పాలేరుగా చేరాక అంత తిన్నగా చూడటం అదే మొదలు. "నా పెళ్లాం దొంగ కాదని నాకు తెలీదేంటండి? నాకు చెబితే ఏం వొరుగుద్ది. చావిడి ముందు అన్నారు గదండి. ఆ చావిడి ముందే చెప్పండి, ఆ నలుగురూ ఉండగా."

కోపంగా అనలేదు వాడు. చావిడి ముందు చెప్పడమంటే, మరి ఎవరు తీశారని అడుగుతారు. నా భార్యకు జబ్బు చేసింది, ఆ జబ్బే తినిపించింది, ఆ జబ్బు తెచ్చింది నేనూ మా ఇంటి పద్ధతీ, అని చెప్పాలి. అమ్మ ఏమంటుందో, ఊరేమంటుందో. అననీ. "చెబుతాను," అన్నాడు. "తిరిగి వెళ్లిన రోజునే, నువ్వూ పున్నమ్మా ఉండగా చెబుతాను." యలమంద మళ్లీ బయటికి చూడసాగాడు, కాసేపటికి జామకాయ కొరికిన చప్పుడైంది.

ఈ మాటలన్నీ పార్వతి వినలేదా? అప్పుడు చూశాడు హనుమయ్య. నిద్రపోతున్న మనిషి రెప్పలు అలా వణకవు. నిద్రపోతున్న మనిషి చెయ్యి కొంగు ముడి మీద అంత గట్టిగా బిగుసుకోదు. ఆ ముడి సగం విప్పి ఉంది, సందులోంచి తెల్లగా నాలుగు గింజలు కనిపిస్తున్నాయి. ఎడమ బుగ్గ రవంత ఉబ్బి ఉంది, అది వాపు కాదు. పెదవి చివర పాలలాంటి తడి. రేపల్లె నుంచీ ఆమె మాట్లాడకపోవడం ఆయాసం వల్ల కాదు, అలక వల్లా కాదు. ముద్ర లేని బానలోంచి తెచ్చుకున్న గింజలు గుప్పెడు, బండెక్కగానే నోట్లో వేసుకుంది. అంతలో తను ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచీ నమిలితే వినపడుతుందని, దవడ కదిలితే కనపడుతుందని, ఊరి తరవాత ఊరు దాటుతున్నా, రక్తం లేని ఆ ఒంట్లో ఉన్న కాస్త శక్తినీ దవడ బిగబట్టడానికే ఖర్చు పెడుతూ, తను చూపు తిప్పుకుంటాడేమోనని కళ్లు మూసుకుని కాచుకుని ఉంది.

హనుమయ్యకు ఏడుపొచ్చింది. పార్వతీ అని పిలవబోయి, పిలిస్తే భయపడి మింగేస్తుందేమోనని ఆగాడు. చినరావూరు వచ్చేస్తోంది, ఆ తరవాత తెనాలే, తెనాలిలో సూది, సూది సంగతి అప్పుడే మరిచిపోయాడతను. ముందుకు వంగి, ముడి మీద బిగుసుకున్న ఆ చల్లటి వేళ్ల మీద తన చెయ్యి వేశాడు. ఆ వేళ్లు ఉలిక్కిపడ్డాయి.

"నములు," అన్నాడు. "నేను చూడటంలేదు."

చెయ్యి తియ్యకుండానే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పొలాలు పోతున్నాయి, కాలవ పోతోంది, బొగ్గు నుసి కళ్లలో పడుతోంది. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆ తరవాత, బండి చప్పుడు కింద నుంచి, కరకరమని చిన్నగా, ఒక గింజ నలిగింది.